హార్స్ పవర్ చూసి కాదు, కాటా చూసి కొనండి పాత ట్రాక్టర్‌ని

పుల్లింగ్ పోటీలకని, అంటే స్లెడ్ అనే బరువు బండిని ఎవరి ట్రాక్టర్ ఎక్కువ దూరం లాగుతుందో చూసే పందేలకని, పాత ట్రాక్టర్ కొనాలనుకునే ప్రతి ఒక్కరూ నన్ను అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని హెచ్‌పీ?" రెండోది "ఏ కంపెనీ?" ఈ రెండూ వినగానే నాకు ఒళ్ళు మండుతుంది. కోపం అడిగేవాళ్ళ మీద కాదు. నేనూ ఇవే రెండు ప్రశ్నలు అడిగి నా మొదటి బండి కొన్నాను, అందుకు.

ఆ ముచ్చట ముందే చెప్పేస్తాను. బండి పెళ్ళికూతురిలా ఉంది. కొత్త పెయింటు, కొత్త సీటు, మెరిసిపోయే సైలెన్సర్. స్టార్ట్ చేసి చూపించారు, మనసు పారేసుకున్నాను. తెచ్చిన వారానికే వెనక టైరులో గాలి నిలవట్లేదని విప్పి చూస్తే, వాల్వు రంధ్రం చుట్టూ ఉన్న రిమ్ము పెచ్చులు పెచ్చులుగా చేతికి ఊడొచ్చింది. ఎవరో ఎప్పుడో బరువు కోసం ట్యూబుల్లో కాల్షియం క్లోరైడ్ నీళ్ళు నింపి ఏళ్ళ తరబడి వదిలేశారు. ఇనుమును లోపల్నుంచి ఉప్పు తినేసింది, పైన పెయింటు మాత్రం అద్దంలా ఉంది.

పోనీ, రిమ్ము మార్చుకోవచ్చు. అసలు దెబ్బ కాటా దగ్గర తగిలింది. నేను దిగాలనుకున్నది 4,500 పౌండ్ల క్లాసు, అంటే కాటా మీద అంతకు మించి తూగకూడదు. చాలా పోటీల్లో డ్రైవర్ బరువు కూడా లెక్కలోకి వస్తుంది. నేనెక్కి కూర్చుంటే కాటా 4,700 దాటింది. ఇక తీయడానికి ఏముంది? ఒక సాయంత్రమంతా కూర్చుని బోల్టులు విప్పాను. కిలోల లెక్కన తగ్గాల్సింది గ్రాముల లెక్కన తగ్గింది. చివరికి పై క్లాసులోకి పోయి, నాకంటే రెట్టింపు ఇంజన్ ఉన్నవాళ్ళ మధ్య నిలబడాల్సి వచ్చింది. ఫలితం ఏమైందో చెప్పక్కర్లేదు.

అందుకే ముందు ఏ క్లాసులో లాగుతారో తేల్చుకోండి, ఆ తర్వాతే బండి వెతకండి. ఆ క్లాసు బరువు కంటే నాలుగైదు వందల పౌండ్లు తక్కువున్న బండి దొరికితే అదృష్టమే. ఎందుకంటే ఆ తేడాని బరువు దిమ్మలుగా మనకు కావలసిన చోట వేసుకోవచ్చు. పోతపోసిన ఇనుము ఎక్కడుందో అక్కడే ఉంటుంది, దిమ్మలైతే మన మాట వింటాయి.

ఆ చోటెందుకంత ముఖ్యమో తెలియాలంటే స్లెడ్ ఎలా పనిచేస్తుందో చూడాలి. మొదట్లో బరువు పెట్టె స్లెడ్ వెనక చక్రాల మీద ఉంటుంది, తేలిగ్గానే కదులుతుంది. ట్రాక్టర్ ముందుకు పోయేకొద్దీ ఆ పెట్టె కూడా ముందుకు జరుగుతూ, నేలను రాసుకుపోయే ఇనుప పలక మీదకు చేరుతుంది. అడుగడుక్కీ లాగాల్సిన బలం పెరుగుతూనే ఉంటుంది. 300 అడుగులు లాగితే ఫుల్ పుల్. మనలో ఎక్కువమంది అంత దూరం చేరకుండానే చక్రాలు గిర్రున తిరిగో, ఇంజన్ ఆగిపోయో ఆగుతాం.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. స్లెడ్ 3,000 పౌండ్ల బలంతో వెనక్కి గుంజుతోందనుకోండి. హిచ్ (స్లెడ్ గొలుసు తగిలించే చోటు) నేల నుంచి 20 అంగుళాల ఎత్తులో ఉంది, వీల్‌బేస్, అంటే ముందు వెనక ఇరుసుల మధ్య దూరం, 90 అంగుళాలు. 3,000ని 20తో గుణించి 90తో భాగిస్తే సుమారు 667 వస్తుంది. అంటే ముందు ఇరుసు మీదున్న 667 పౌండ్లు వెనక ఇరుసు మీదకు మారిపోయాయన్నమాట. టైర్లకు పట్టు దొరికేది అక్కడే. కానీ ముందు అంత బరువుంటేనే కదా వెనక్కి మారేది! లేకపోతే ముక్కు పైకి లేస్తుంది, మీ చేతిలో స్టీరింగ్ ఉత్త అలంకారం. బాగా సర్దిన బండిని ఆఖరి అడుగుల్లో చూడండి: ముందు చక్రాలు జానెడు ఎత్తున తేలుతూ, దిగకుండా, ఎగరకుండా అలాగే పోతుంటాయి. అది హార్స్ పవర్ పని కాదు, దిమ్మలు ఎక్కడ వేలాడదీయాలో తెలిసినవాడి పని.

"హిచ్ ఎత్తు పెంచితే సరిపోతుందిగా" అనే తెలివైనవాళ్ళు ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు. పాత బండ్ల క్లాసుల్లో 20 అంగుళాలు మించకూడదనే నిబంధన చాలాచోట్ల ఉంది. అయినా నిబంధన సంగతి తర్వాత, వెనక ఇరుసు మధ్యభాగం కంటే పైన గొలుసు తగిలిస్తే ట్రాక్టర్ వెనక్కి తిరగబడుతుంది. క్లచ్ తొక్కేంత టైం కూడా ఇవ్వదు. దీని మీద నాతో వాదనకు రావద్దు.

ఇక కంపెనీల గొడవ. ఫార్మాల్ ఎమ్ అనే పాత అమెరికన్ ట్రాక్టర్ అంటే "అందరి దగ్గరా అదేగా" అని మూతి తిప్పుతారు. దాని గొప్పే అది. 1939లో మొదలై రెండు లక్షలకు పైగా తయారైంది కాబట్టి గ్యాస్కెట్ దగ్గర్నుంచి గేరు దాకా ఈ రోజుకీ దొరుకుతుంది. 248 క్యూబిక్ అంగుళాల ఇంజన్, బోరు (సిలిండర్ వెడల్పు) 3⅞ అంగుళాలు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 5¼. బోరును 4 అంగుళాలు చేస్తే 264 అవుతుంది, 1952లో వచ్చిన సూపర్ ఎమ్ కొలత అదే. అంటే కంపెనీవాళ్ళు నడిచిన దారిలోనే మనమూ నడుస్తాం, ప్రయోగాలు అక్కర్లేదు. కాకపోతే బరువైన బండి, చిన్న క్లాసులకు పనికిరాదు.

జాన్ డీర్ రెండు సిలిండర్ల బండ్ల మీద నాకూ మోజుంది, దాచను. 'ఏ' అనే మోడల్ చివరి బండ్లలో రెండే సిలిండర్లతో 321 క్యూబిక్ అంగుళాలు, నిమిషానికి 975 చుట్లు. ఒక పేలుడు, అర చుట్టు తిరగ్గానే ఇంకోటి, తర్వాత ఒకటిన్నర చుట్టు నిశ్శబ్దం. ఆ తాళం వింటే చాలు, బేరం మర్చిపోతాం. కానీ దానికి క్లచ్ చేతి లివర్, ముందుకు తోస్తే పడుతుంది. స్లెడ్ గొలుసు బిగుసుకునే ఆ అరక్షణంలో కుదుపు లేకుండా దాన్ని వదలడం రావాలంటే చాలా ప్రాక్టీసు కావాలి. శబ్దం కోసం కొంటే తప్పు లేదు, గెలవడం కోసం కొన్నానని మాత్రం చెప్పకండి.

చిన్న క్లాసులకు నా ఓటు ఆలిస్ చామర్స్ డబ్ల్యూడీ45కి. 1953 నుంచి 1957 దాకా వచ్చింది. 226 క్యూబిక్ అంగుళాలు, బరువు సుమారు 4,000 పౌండ్లే. మిగతాదంతా మన దిమ్మల ఇష్టం. ఫోర్డ్ 8ఎన్ ఇంకా తేలిక, పొలం పనికి దానికి వంక పెట్టలేం, కానీ 120 క్యూబిక్ అంగుళాలతో బాగా కింది క్లాసుల్లో తప్ప సరదా తీరదు. ఆలివర్ 88లో ఆరు సిలిండర్లు, వెన్నలా తిరుగుతుంది. నేను నడిపింది ఒకే ఒక్కసారి కాబట్టి ఎక్కువ మాట్లాడను.

హెచ్‌పీ కావాల్సిందే అంటారా, అమ్మేవాడి నోటిమాట కాదు, అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం చేసే పరీక్షల రిపోర్టు చూడండి. 1919లో ఆ రాష్ట్రం చట్టం చేసింది, 1920 నుంచి ట్రాక్టర్లను పరీక్షిస్తున్నారు. డ్రాబార్ (వెనక బరువు లాగే కడ్డీ) దగ్గర ఎంత లాగింది, చక్రాలు ఎంత జారాయి, ఎంత వేగంతో పోయింది, అన్నీ అందులో ఉంటాయి. వేగం మర్చిపోకండి. స్పీడ్ లిమిట్ ఉన్న క్లాసులో లిమిట్‌కి దగ్గరగా సరిపోయే గేరు లేని బండి సగం ఓడిపోయినట్టే. ఎమ్‌లో రెండో గేరు గంటకు సుమారు 3½ మైళ్ళు, మూడోది 4¼. లిమిట్ 4 అయితే మీరే చెప్పండి ఏం చేస్తారో. ఇంజన్‌ని అసలు వేగం కంటే విపరీతంగా తిప్పేసి సరిపెడదామనుకుంటే, డెబ్భై ఏళ్ళ నాటి పోత ఇనుప ఫ్లైవీల్ మీ కాళ్ళ దగ్గరే తిరుగుతోందని గుర్తుంచుకోండి.

చూడ్డానికి వెళ్ళినప్పుడు పెయింటుకి దూరంగా నిలబడండి. డిప్‌స్టిక్ లాగి ఆయిల్ వేలికి రాసి చూడండి, పాలలా తెల్లగా ఉంటే నీళ్ళు కలిశాయి. వెనక హౌసింగ్ (గేర్లుండే ఇనుప పెట్టె) కింద పడుకుని టార్చి వేయండి, వెల్డింగ్ గీతలుంటే ఎవరో ముందే విరగ్గొట్టారని అర్థం. రిమ్ముల సంగతి ఇందాకే చెప్పాను. బండి వేడిగా ఉండగా స్టార్ట్ చేసి చూపిస్తే పొగడకండి, చల్లారేదాకా కూర్చోండి.

కొనబోయే బండి గురించి కామెంట్లలో అడిగేవాళ్ళకు చెప్తున్నా: డిప్‌స్టిక్ ఫొటో, కాటా చీటీ ఫొటో పెట్టండి. సీటు మీద కూర్చుని దిగిన సెల్ఫీ నాకొద్దు.