ఇంటి ముందు రోడ్డు ఓనరుదేనా? పార్కింగ్ జోన్ల మెసేజ్‌కు ఖండన

నల్లగొండ, మహబూబ్‌నగర్ కాలనీల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. ఇంటి ముందు రోడ్డు ఓనరుదేనని, లండన్‌లో పార్కింగ్ జోన్ల (రుసుము కట్టినవారే బండి నిలపగల వీధుల) పేరిట జనాన్ని పిండుకున్నారని, పక్క గల్లీలో జోన్ పెడితే మనకు పోయేదేమీ లేదని, అభిప్రాయ సేకరణ ఉత్త నాటకం కాబట్టి ఫారం ఇచ్చినా నింపవద్దని దాని సారాంశం.

మొదటి మాట నిలవదు. మన రిజిస్ట్రేషన్ కాగితం ప్రహరీ గోడ దగ్గరే ఆగిపోతుంది; ఆవలి మోరీ, రోడ్డు మున్సిపాలిటీ ఆధీనంలో ఉండే ప్రజల స్థలం. గేటుకు అడ్డంగా బండి నిలిపినవారి మీద ఫిర్యాదు చేయడం న్యాయమే. కానీ గేటు మీద 'ఇక్కడ బండి పెడితే టైర్లలో గాలి తీయబడును' అని రాయించి, పాత పెయింటు డబ్బాల్లో సిమెంటు పోసి ఇనుప పైపులు నాటి, వాటిని రోడ్డు మీద వరుసగా పేర్చే అధికారం ఎవరికీ లేదు. మోరీని కప్పేసి రోడ్డు మీదికి దిగిన ర్యాంపుల ఊసు ఈ మెసేజ్‌లో ఎక్కడా లేకపోవడం గమనించదగినది.

లండన్ విషయంలో సగం నిజముంది. అక్కడ 1958లో గ్రోవ్‌నర్ స్క్వేర్ ప్రాంతంలో తొలి పార్కింగ్ మీటర్లు వచ్చాయి. నేటి నియంత్రిత జోన్లలో నివాసులు సైతం రుసుము కట్టి పర్మిట్ తీసుకోవాలి, అయినా తమ గుమ్మం ముందే చోటు దొరుకుతుందన్న హామీ ఉండదు. అయితే బార్నెట్ అనే ప్రాంతంలో నివాసుల పర్మిట్ రుసుమును 40 పౌండ్ల నుంచి 100 పౌండ్లకు పెంచినప్పుడు వారు కోర్టుకెక్కారు. 1984 నాటి రోడ్డు ట్రాఫిక్ నియంత్రణ చట్టం ఖజానా నింపుకోవడానికి ఉద్దేశించినది కాదని 2013లో హైకోర్టు తేల్చి, ఆ పెంపు చెల్లదంది. మెసేజ్ రాసినవారు ఈ సగాన్ని వదిలేశారు.

అన్నిటికన్నా నష్టం చేసేది మూడో మాట. పండుగ ముందు రోజుల్లో నల్లగొండ ప్రకాశం బజార్‌కు చుట్టుపక్కల ఊళ్ల నుంచి బట్టలకు, సామానుకు వచ్చినవారు బజార్‌లో చోటు లేక బండిని పక్క గల్లీలో నిలిపి నడిచి వెళ్తారు. ఆ గల్లీలో జోన్ పెట్టినంత మాత్రాన వారు కొనడం మానరు, బండి మాత్రం మరో గల్లీకి జరుగుతుంది. ప్రైవేటు ఆస్పత్రులున్న వీధుల్లోనూ ఇదే వరస: పేషెంటు వెంట వచ్చిన కారు పొద్దున నిలిపితే స్కానింగు, రిపోర్టులు అన్నీ అయ్యేసరికి సాయంత్రమవుతుంది. ఈ రోజు 'మనకెందుకు' అన్న వీధివారే ఆరు నెలలకు తమ వీధినీ జోన్‌లో కలపమని అర్జీ పట్టుకుని తిరుగుతారు. జోన్ ఒక్కో వీధి చొప్పున పాకేది ఇలాగే. కాబట్టి గీత గీసిన తర్వాత లోపలివారిని అడిగితే చాలదు, గీయకముందే ఆ పక్క వీధులవారినీ అడగాలి. ఇంగ్లండ్‌లో 1996 నాటి నిబంధనల ప్రకారం నోటీసు వెలువడ్డాక కనీసం 21 రోజుల గడువులో ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు, ఆ వీధి నివాసే కానక్కరలేదు.

ఇక నాటకమన్న మాట. మన 1988 మోటారు వాహనాల చట్టంలోని 117వ సెక్షన్ పార్కింగ్ స్థలాలు నిర్ణయించేటప్పుడు స్థానిక సంస్థను సంప్రదించమంటుందే తప్ప నివాసులను అడగమని చెప్పదు. ఆ లోటు ఉన్నదే. అందుకే ఎవరైనా ఫారం ఇస్తే దాన్ని చించేయడం మనకే చేటు. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి వార్డుకు యువతకు, మహిళలకు, వృద్ధులకు, ప్రముఖ పౌరులకు వేర్వేరు కమిటీలుండాలి. ఈ చర్చ అక్కడికీ వెళ్లాలి. ఓనరు పేరిట ఇంటికొక ఫారం ఇస్తే మూడు పోర్షన్ల ఇంట్లో నాలుగు బండ్లున్న కిరాయిదారుల మాట ఎక్కడా నమోదు కాదు. ఫారంలో 'సమ్మతమా, కాదా' అన్న ఒక్క ప్రశ్నే ఉంటే, ఏ గంటల్లో, ఎంత రుసుముతో, ఏ గల్లీ దాకా అని వెనక పేజీ మీద రాసి, రసీదు తీసుకుని మరీ తిరిగి ఇవ్వాలి.