సైన్సు బీరువా తాళం తీయండి

సర్కారు హైస్కూళ్లలో చాలాచోట్ల సైన్సు సామాను ఉండేది హెడ్మాస్టరు గదిలోని బీరువాలో. లెన్సులు, బీకర్లు, అయస్కాంతాలు అట్టపెట్టెల్లోనే ఉండిపోతాయి. తాళంచెవి ఒకరి దగ్గర, స్టాక్ రిజిస్టరు ఇంకొకరి దగ్గర. బీకరు పగిలితే లెక్క చెప్పాలి. ఆ టెన్షన్ ఎందుకని మాస్టారు బోర్డు మీద బీకరు బొమ్మ వేస్తారు, పిల్లలు నోట్సులోకి దించుకుంటారు. పరీక్షలో మళ్లీ అదే బొమ్మ వేస్తే మార్కులు పడతాయి. ఒక్కసారైనా లెన్సు చేత్తో పట్టుకుని ఎండలో కాగితం కాల్చి చూడకుండానే పదో తరగతి దాటిపోయే పిల్లలు మన చుట్టూనే ఉన్నారు.

టీచర్లను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. పగలకూడని వస్తువును నలభై మంది పిల్లల మధ్యకు తేవాలంటే ఎవరికైనా గుండె దడే. అందుకే పగిలినా చిరిగినా దిగులు లేని వస్తువులతో, చేత్తో చేసుకున్న బొమ్మలతో సైన్సు చెప్పే పద్ధతిని మేం గట్టిగా సమర్థిస్తున్నాం. ఆ క్లాసులో వినిపించే నవ్వులను కూడా.

కూల్‌డ్రింక్ స్ట్రా ఒకటి తీసుకోండి. ఒక కొసను నొక్కి చదును చేసి, రెండు మూలలూ ఏటవాలుగా కత్తిరిస్తే సన్నాయి పీకలా తయారవుతుంది. దాన్ని పెదాల మధ్య బిగించి ఊదితే బాతు అరిచినట్టు మోత వస్తుంది. క్లాసంతా గొల్లుమంటుంది. ఆ నవ్వు ఆగకముందే, ఊదుతూనే రెండో కొసను కత్తెరతో ముక్కముక్కగా కత్తిరిస్తూ పోవాలి. ముక్క రాలేకొద్దీ మోత సన్నబడుతుంది. బాతు కాస్తా కోడిపిల్ల అవుతుంది, కోడిపిల్ల కీచురాయి అవుతుంది. గొట్టంలో గాలి పొడవు తగ్గేకొద్దీ కంపనాల వేగం పెరిగింది, దాంతో కీచుదనమూ పెరిగింది. 'పౌనఃపున్యం' అనే నోరు తిరగని మాటను అప్పుడు బోర్డు మీద రాస్తే పిల్లలు బెదరరు. తాము ఇప్పుడే చెవులారా విన్నదాని పేరు అదేనని తెలుస్తుంది. అసలు కొబ్బరాకు చుట్టి బూర చేసుకునే పల్లెటూరి పిల్లలకు ఇది కొత్త సంగతి కూడా కాదు. పొడుగు బూర బొంగురుగా, పొట్టి బూర కీచుగా మోగుతుందని వాళ్లకు ఎప్పుడో తెలుసు. ఆ తెలివికి బడిలో చోటు లేక గేటు బయటే వదిలేసి వస్తున్నారు.

ఇలాంటి బొమ్మలను దేశమంతా పిల్లల చేతికి అందించినవారిలో అరవింద్ గుప్తా ముందుంటారు. 1975లో ఐఐటీ కాన్పూర్‌లో ఇంజినీరింగ్ పూర్తిచేసిన ఆయన, పెద్ద కంపెనీ ఉద్యోగంలో ఉండగానే మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ పల్లెల బళ్లలో నడుస్తున్న సైన్సు కార్యక్రమంలో పనిచేయడానికి వెళ్లారు. అక్కడి సంతలో దొరికే సైకిల్ వాల్వ్ ట్యూబును చిన్న ముక్కలుగా కోసి, వాటిలో అగ్గిపుల్లలు గుచ్చి ఆకారాలు కట్టించారు. పుల్లలతో కట్టిన చతురస్రాన్ని వేలితో నెడితే పక్కకు వాలిపోతుంది. త్రిభుజాన్ని ఎటు నెట్టినా ఆకారం మారదు. కరెంటు టవర్లలో, రైలు వంతెనల్లో అన్ని త్రిభుజాలు ఎందుకున్నాయో ఐదో తరగతి పిల్ల కూడా చెప్పగలదు, ఒక్కసారి వేలితో నెట్టి చూసి ఉంటే. ఈ కృషికి 2018లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

ఆ హోషంగాబాద్ సైన్సు కార్యక్రమం 1972లో 16 బళ్లతో మొదలై తర్వాత వందల బళ్లకు పాకింది. పిల్లలు ప్రయోగం చేసి, చూసింది రాసుకుని, తమలో తాము వాదించుకుని నేర్చుకునేవారు. పరీక్షలో పుస్తకం తెరిచి రాయనిచ్చేవారు, ప్రయోగాలకు వేరే పరీక్ష ఉండేది. ముప్పయ్యేళ్లు నడిచాక 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆపేసింది. అంత కష్టపడి నిలబెట్టిన పని ఒక్క ఉత్తర్వుతో ఆగిపోవడం మాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇవన్నీ చిన్నపిల్లల ఆటలు, పెద్ద చదువులకు పనికిరావు అనేవారికి గుండీ, దారం ఆట గుర్తుచేయాలి. గుండీ బెజ్జాల్లో దారం దూర్చి, రెండు చేతులా లాగుతూ వదులుతూ ఉంటే గుండీ బుర్రుమని తిరుగుతుంది. మనమందరం ఆడిందే. అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో పనిచేసే మను ప్రకాశ్ బృందం ఈ ఆట సూత్రంతోనే కాగితపు సెంట్రిఫ్యూజ్, అంటే గిర్రున తిప్పి రక్తం లాంటి ద్రవాల్లోని భాగాలను విడదీసే పరికరం, తయారుచేసి 2017లో ప్రకటించింది. కరెంటు అక్కర్లేదు, ఖర్చు 20 సెంట్లు. నిమిషానికి 1,25,000 చుట్ల వేగం అందుకుంటుంది. రక్తంలోని కణాల నుంచి ప్లాస్మా అనే ద్రవభాగాన్ని ఒకటిన్నర నిమిషంలో వేరు చేస్తుంది. మను ప్రకాశ్ చదివింది కూడా ఐఐటీ కాన్పూర్‌లోనే.

ఇక నవ్వు సంగతి. చేతిపనినీ నవ్వునీ కలిపి రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టిన కళ మన దగ్గరే ఉంది. తోలుబొమ్మలాటలో రాముడూ రావణుడూ ఎంతసేపు మాట్లాడినా, మధ్యలో కేతిగాడు, బంగారక్క తెర మీదికి వచ్చేసరికి నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి కూర్చుంటారు. అందరి మనసులో ఉండి, అడగడానికి మొహమాటపడే ప్రశ్నను కేతిగాడు అడిగేస్తాడు. ఎనిమిదో తరగతిలో కాంతి పాఠానికి అట్టముక్కతో కేతిగాడిని, పాత తెల్ల పంచెతో తెరను పిల్లలే చేసుకుంటే ఎలా ఉంటుందో ఊహించండి. బొమ్మ తెరకు ఆనుకుని ఉంటే నీడ స్ఫుటంగా ఉంటుంది. దీపం వైపు జరిపితే కేతిగాడు భీముడంత అవుతాడు, కానీ అంచులు మసకబారతాయి. ఎందుకు? ప్రచ్ఛాయ (వెలుతురు అసలు పడని చిక్కటి నీడ), పాక్షిక ఛాయ (కొంత వెలుతురు పడే పలచటి నీడ), గ్రహణం, అన్నీ ఆ మసక అంచులోనే ఉన్నాయి. అట్ట బొమ్మ నీడ నల్లగా పడుతుంది. నిమ్మలకుంట కళాకారుల తోలుబొమ్మ మాత్రం రంగురంగులుగా ఎందుకు కనిపిస్తుందో అడగండి. తోలును పలచగా చేసి వెలుతురు దాటేలా తయారుచేయడం వెనక ఎంత సైన్సు ఉందో ఆ కళాకారులనే బడికి పిలిచి చెప్పించవచ్చు. వాళ్లకూ నాలుగు రూపాయలు వస్తాయి.

అయితే నవ్వుల్లో తేడా ఉంది. తప్పు జవాబు చెప్పిన పిల్లాడిని నిలబెట్టి అందరిచేతా నవ్వించడం మన బళ్లలో మామూలైపోయింది. ఆ ఒక్క నవ్వుతో వాడు ఏడాదంతా చెయ్యెత్తడు. మేం చెప్పే నవ్వు వస్తువును చూసి వచ్చేది, మాస్టారి స్ట్రా మోగకుండా తుస్సుమన్నప్పుడు మాస్టారితో కలిసి నవ్వేది. పెద్దాయన ప్రయోగమే తప్పినప్పుడు తాను తప్పినా ఫరవాలేదని పిల్లలకు ధైర్యం వస్తుంది.

ఇలాంటి పని చేసేవాళ్లు తెలుగునాట లేకపోలేదు. కుప్పం దగ్గరి క్యాంపస్ నుంచి అగస్త్య ఫౌండేషన్ ప్రయోగ సామగ్రిని వ్యాన్లలో, బైకుల మీద బళ్లకు చేరుస్తోంది. సైన్సు ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక, చెకుముకి సైన్సు సంబరాలతో పిల్లల్లోకి వెళ్లింది. బడుల్లో సొంత జీతంలోంచి జిగురు, రంగు కాగితాలు కొనుక్కొచ్చే టీచర్లూ ఉన్నారు. వాళ్ల క్లాసులో గోల ఎక్కువని పక్క గదివాళ్లు ఫిర్యాదు చేస్తుంటారు. తనిఖీకి వచ్చిన అధికారి ఆ గోలను క్రమశిక్షణ లేకపోవడంగా రాసుకోకూడదు. కాసేపు కూర్చుని ఎందుకా గోల అని వినాలి. జిగురుకూ కాగితానికీ స్కూలు గ్రాంటులోంచి డబ్బు ఇవ్వాలి. ప్రయోగం చేస్తుండగా పగిలిన బీకరును ఖర్చు కింద రాయాలి తప్ప టీచరు జేబులోంచి వసూలు చేయకూడదు.

తల్లిదండ్రులకూ ఒక మాట. సైన్సు ఫెయిర్ అనగానే షాపుకెళ్లి రెడీమేడ్ థర్మోకోల్ అగ్నిపర్వతం కొనిచ్చే అలవాటు మానాలి. పిల్ల చెయ్యి తగలని మోడల్‌కు బడి కూడా మార్కులు వేయకూడదు. వచ్చే ఫిబ్రవరి 28న, జాతీయ సైన్సు దినోత్సవానికి, ఇంట్లో దొరికిన పుల్లతో, దారంతో పిల్లలు స్వయంగా చేసినవే తేవాలని హెడ్మాస్టర్లు ముందుగానే చెప్పాలి. పనిచేయని బొమ్మకు కూడా బల్ల మీద చోటివ్వాలి. ఎందుకు పనిచేయలేదో ఆ పిల్లనే అడగాలి, తను చెప్పేదాకా ఓపిగ్గా వినాలి.