కాయ కొట్టాక పాయింట్ చూస్తే..

మా పాలమూరులో రైతు బోరు వేయించాలంటే ముందు పాయింట్ చూపించుకుంటాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చెలకంతా తిరిగే పెద్దమనిషిని కొందరు నమ్ముతారు, మిషన్ తెచ్చే జియాలజిస్టును కొందరు. ఎవరిని నమ్మినా, బోరుబండి మూడొందల అడుగులు దిగాక పాయింట్ చూసేవాడు మాత్రం ఎక్కడా కనిపించడు. వేల కోట్ల ప్రాజెక్టుల దగ్గర మన ప్రభుత్వాలు చేస్తున్నది అదే: పని మొదలయ్యాక పర్యావరణానికి జరిగే నష్టం అంచనా వేయడం.

2006 సెప్టెంబరు 14న కేంద్రం ఇచ్చిన ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్‌లో ఈ విషయంలో తికమక ఏమీ లేదు. జాబితాలో ఉన్న ప్రాజెక్టు అయితే పర్యావరణ అనుమతి చేతికొచ్చేదాకా పని మొదలుపెట్టకూడదు, నేల చదును కూడా చేయకూడదు. భూమి కాపాడుకోవడానికి కంచె వేసుకోవచ్చు, అంతే. సాగునీటి ప్రాజెక్టు అనుమతి కోసం కేంద్రం దాకా వెళ్లడానికి అప్పట్లో గీసిన గీత 10,000 హెక్టార్ల ఆయకట్టు, అంటే సుమారు 25 వేల ఎకరాలు.

పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల ఆయకట్టు 12 లక్షల ఎకరాల పైమాటే. 2015 జూన్‌లో కరివెన దగ్గర శంకుస్థాపన అయింది. అనుమతికి ముందు ఊరివాళ్లను అడిగే ప్రజాభిప్రాయ సేకరణ 2021 ఆగస్టులో జరిగింది. ఆరేళ్ల తేడా! ప్రస్తుతానికి తాగునీటి పనులే చేస్తున్నామని, వాటికి అనుమతి అక్కర్లేదని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం వాదించింది. పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచ్ ఆ మాట ఒప్పుకోలేదు. 2021 అక్టోబరులో పనులు ఆపమంది, మరుసటి ఏడాది వందల కోట్ల జరిమానా వేసింది. సుప్రీంకోర్టు 2023లో జరిమానాపై స్టే ఇచ్చి, తాగునీటి మేరకు పనులు చేసుకోనిచ్చింది.

నీళ్లు లేక కూలికి ముంబై బస్సెక్కిన తరాలను చూసినవాణ్ని, కృష్ణా నీళ్లు వద్దని నేనెందుకంటాను? అంచనా ముందే చేసి ఉంటే ట్రిబ్యునల్‌కు వెళ్లిన ఆంధ్ర రైతుల చేతికి ఆ పట్టు దొరికేది కాదనే నా బాధ.

దామరచర్ల దగ్గరి యాదాద్రి థర్మల్ కేంద్రానికి 2017లోనే అనుమతి వచ్చింది. 2022లో ట్రిబ్యునల్ మళ్లీ అధ్యయనం చేయమంది. 2024లో రెండోసారి జనాన్ని పిలిచేసరికి చిమ్నీలు ఆకాశంలో ఉన్నాయి. ఇక వాళ్లు వద్దంటే ఎవరు వింటారు?

ఇలాంటి పెద్దవాటి సంగతి కనీసం కోర్టుదాకా వెళ్తుంది. నాకు టెన్షన్ అంతా చిన్నవాటితోనే. నోటిఫికేషన్‌లో 'బి2' అని ఒక అర ఉంది. అందులో పడిన ప్రాజెక్టుకు అనుమతి కావాలి గానీ, ఈఐఏ నివేదిక అక్కర్లేదు, ఊరివాళ్లను అడగక్కర్లేదు. పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ కోసమే నడిచే, వ్యర్థజలం బయటికి వదలని ధాన్యం డిస్టిలరీలను 2021 జూన్‌లో కేంద్రం ఈ అరలోకి జరిపింది. మరికల్ మండలం చిత్తనూరులోనూ, గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలోనూ ఇథనాల్ ఫ్యాక్టరీ మీద రైతులు రోడ్డెక్కిన తీరు చూశాం. షామియానా కింద మైకులో చెప్పుకునే దారి మూసేస్తే జనం రోడ్డు మీదే చెబుతారు.

గుట్టల కథా ఇంతే. మొదట్లో 5 హెక్టార్లలోపు, అంటే సుమారు పన్నెండున్నర ఎకరాల్లోపు క్వారీకి అనుమతి అక్కర్లేదని గీత గీశారు. ఆ గీత కింద ఇమిడేలా ఒకే గుట్టను ముక్కలు కోయడం తేలికని గ్రహించే, చిన్న లీజులకూ అనుమతి తప్పనిసరని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. 2016లో 500 మీటర్ల లోపు క్వారీలను కలిపి లెక్కగట్టే క్లస్టర్ పద్ధతి వచ్చింది. కాగితం మీద బాగానే ఉంది.

అలాంటి ఒక క్వారీ ప్రజాభిప్రాయ సేకరణకు నేనూ వెళ్లాను. వీడియో కెమెరా, నీళ్ల సీసాలు, బల్ల మీద లావుపాటి ఇంగ్లిష్ పుస్తకం. పక్కనే తెలుగు సారాంశం, పది పేజీలైనా లేదు. గుట్ట కిందే బోరున్న రైతు ఒకాయన దాన్ని రెండుసార్లు తిరగేసి, తన సర్వే నంబరు వెతుక్కుని, దొరక్క, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆయన వెతికింది న్యాయమైనదే. చాలా పరిశ్రమల ఈఐఏ నివేదికకు వానాకాలం కాని ఒక్క సీజన్‌లో తీసిన నీటి లెక్క సరిపోతుంది. మర్రిగూడ, చండూరు వైపు ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిన మనుషులున్న నల్లగొండకూ అదే కొలత. ఇక్కడ బోర్ల నీళ్లు కనీసం ఏడాదంతా చూడాలి, బి2 అయినా గ్రామసభలో చెప్పాలి, మొత్తం నివేదిక తెలుగులో పంచాయతీ ఆఫీసులో ఉండాలి. ఇవన్నీ టెండరు పిలవకముందే.