కాలేజీ వైఫై రూల్స్: సంతకం ఒక్క విద్యార్థిదేనా?

కాలేజీలో చేరిన మొదటి వారంలో పెట్టే సంతకాల్లో ఎవరూ చదవకుండా ఒప్పేసుకునేది కంప్యూటర్, ఇంటర్నెట్ వాడకం నిబంధనల పత్రం. ఇప్పుడు దానికి సంతకం కూడా అక్కర్లేదు, వైఫైకి లాగిన్ అయ్యేటప్పుడు వచ్చే పేజీలో చిన్న గడిలో టిక్ పెడితే చాలు. పిల్లలు చదవరు, తర్వాత గొడవ పెడతారు అని అనేయడం తేలిక. ఈ మధ్య నేను అలాంటి పత్రాలు కొన్ని వరుసపెట్టి చదివాను, చదువుతున్నకొద్దీ నాకు పిల్లల మీద కాదు, రాసినవాళ్ల మీద కోపం వచ్చింది. విద్యార్థి చేయకూడనివి పేజీలకు పేజీలు ఉన్నాయి, కాలేజీ చేయకూడనిది వెతికినా ఒక్కటి దొరకలేదు. యాజమాన్యం ఎప్పుడైనా, ఏ కారణంతోనైనా నెట్‌వర్క్‌ని పరిశీలించవచ్చు అని ఒక వాక్యం రాసి ఆ వైపు వదిలేశారు.

నిబంధనలే వద్దని నేను అనడం లేదు. వేలమంది పంచుకునే నెట్‌వర్క్‌కి కట్టుబాటు లేకపోతే ముందు నష్టపోయేది చదువుకోవడానికి వచ్చినవాళ్లే. అయితే ఒక వైపు మాత్రమే కట్టుబడే కాగితాన్ని ఒప్పందం అని ఎలా అంటాం?

ఈ తరహా పత్రాలు ఎక్కడి నుంచి వచ్చాయో చూస్తే విషయం కొంచెం తేటపడుతుంది. 1980ల చివర్లో అమెరికా విశ్వవిద్యాలయాలను, పరిశోధన కేంద్రాలను కలిపిన ఎన్ఎస్ఎఫ్‌నెట్ అనే నెట్‌వర్క్‌కి వాడకం నిబంధనలు ఉండేవి, 1995లో దాన్ని ఆపేసేదాకా అవి నడిచాయి. ఆ పత్రం నిషేధాలతో మొదలవదు. ఈ నెట్‌వర్క్ ఉన్నది పరిశోధన కోసం, చదువు కోసం అని ముందు చెప్పి, అందుకే లాభం కోసం వ్యాపారం చేయడానికి దీన్ని వాడకూడదు అంటుంది. కారణం ముందు, ఆంక్ష తర్వాత. మన చేతికొచ్చే పత్రాల్లో చాలావాటిలో కారణం అసలు కనబడదు, అందుకే చదివేవాడికి అన్నీ ఒకే బరువుతో కనిపిస్తాయి. పాస్‌వర్డ్ పంచుకోవడం, క్లాసులో సినిమా చూడటం, పక్కవాడి ఖాతాలోకి చొరబడటం, ఈ మూడూ ఒకే వరుసలో, ఒకే శిక్ష కింద!

కారణం చెబితే ఎంత తేడా వస్తుందో పాస్‌వర్డ్ విషయంలోనే చూడొచ్చు. నేను చదువుకునే రోజుల్లో ల్యాబ్‌లో లాగౌట్ చేయకుండా వెళ్లిపోయాను, ఎవరో నా ఖాతా నుంచి ఒక లెక్చరర్‌కి చెత్త మెయిల్ పంపారు. అది నేను పంపలేదని నిరూపించుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు, ఆ వారం రోజుల టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి అని అప్పటికే పది చోట్ల అతికించి ఉంది. కానీ నీ ఖాతాలో జరిగేదంతా నువ్వే చేసినట్టు లెక్క, తర్వాత కాదని చెప్పినా నమ్మడానికి ఆధారం ఉండదు అని ఒక్కరు వివరించి ఉంటే నేను లాగౌట్ మర్చిపోయేవాణ్ని కాదు.

పరిశోధన పత్రాల డౌన్‌లోడ్ సంగతీ అంతే. లైబ్రరీ కొనుక్కున్న పత్రికల నుంచి ఒకడు ప్రోగ్రామ్ రాసి వేలకు వేలు దించుకుంటే, ఆ పత్రికలు అందించే సంస్థ ఆపేసేది ఆ ఒక్కడిని కాదు, మొత్తం క్యాంపస్‌ని. 2010 అక్టోబర్‌లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఇదే జరిగింది. ఆరన్ స్వార్ట్జ్ అనే యువకుడు అక్కడి నెట్‌వర్క్ నుంచి జేస్టోర్ అనే ఆన్‌లైన్ పరిశోధన పత్రికల భాండాగారంలోని వ్యాసాలను పెద్ద ఎత్తున దించుకోవడంతో జేస్టోర్ కొన్ని రోజులపాటు ఎంఐటీ మొత్తానికి తలుపు మూసేసింది. థీసిస్ గడువు దగ్గరపడ్డ విద్యార్థికి ఆ రోజులు ఎలా గడిచి ఉంటాయో ఊహించండి. అంటే నిబంధన న్యాయమైనదే.

కానీ ఆ కథ అక్కడితో అయిపోలేదు. 2011 జనవరిలో ఆరన్‌ని అరెస్టు చేశారు, ఆపైన అమెరికా కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఫెడరల్ కేసు, జైలు శిక్ష భయం. కేసు నడుస్తుండగానే 2013 జనవరిలో, 26 ఏళ్ల వయసులో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. ఎంఐటీ ఈ కేసులో తటస్థంగా ఉండిపోయింది, తర్వాత తన పాత్రపై ప్రొఫెసర్ హాల్ ఏబెల్సన్ నాయకత్వంలో నివేదిక రాయించుకుంది. ఆరన్ అక్కడి విద్యార్థి కాదు నిజమే. అయినా ఒక విద్యాసంస్థ తన నెట్‌వర్క్‌లో జరిగిన తప్పుని ఎక్కడిదాకా లోపల పరిష్కరించాలి, ఎప్పుడు పోలీసుల చేతికివ్వాలి అన్నది ముందే ఆలోచించి రాసిపెట్టుకోవాలని ఇంతకంటే గట్టిగా చెప్పే సంఘటన నాకు తెలియదు.

దీని పక్కన ఇంకో పాత కేసు పెట్టి చూడాలి. 1988 నవంబర్ 2న అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం విద్యార్థి రాబర్ట్ టాపన్ మోరిస్ వదిలిన వార్మ్, అంటే తనంతట తానే ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి పాకే ప్రోగ్రామ్, సుమారు 6,000 కంప్యూటర్లను దెబ్బతీసిందని అప్పటి అంచనా. అది యంత్రాల్లోకి దూరిన దారుల్లో ఒకటి తేలిగ్గా ఊహించగలిగే పాస్‌వర్డ్‌లు. కోర్టు అతన్ని దోషి అంది, 3 ఏళ్ల ప్రొబేషన్ (జైలు బదులు బయటే పర్యవేక్షణలో ఉండటం), 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా వేసింది. జైలుకి పంపలేదు. తర్వాతి కాలంలో అదే వ్యక్తి ఎంఐటీలో ప్రొఫెసర్ అయ్యాడు. పందొమ్మిది, ఇరవై ఏళ్ల పిల్లలతో వ్యవహరించేటప్పుడు శిక్ష తర్వాత జీవితం మిగలాలి. నెట్‌వర్క్‌లో లోపం కనిపెట్టిన విద్యార్థి దాన్ని ఎవరికి చెప్పాలో, చెబితే తనకి ఏమీ కాదన్న హామీ ఏదో పత్రంలో ఉంటే సగం గొడవలు మొదలే కావు. ఆ దారి లేనప్పుడు తెలివైన కుర్రాడు అయితే నోరు మూసుకుంటాడు, లేకపోతే దొంగచాటుగా ప్రయోగాలు చేస్తాడు.

ఇక నిఘా సంగతి. ఎవరూ విడమర్చి చెప్పని భాగం ఇదే, అందుకే కొంచెం వివరంగా రాస్తాను. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్‌లో, అంటే మధ్యలో ఎవరూ చదవలేకుండా సమాచారాన్ని గుప్తీకరించి పంపే పద్ధతిలో, నడుస్తాయి కాబట్టి మామూలుగా కాలేజీ నెట్‌వర్క్‌కి మీరు ఏ సైట్‌కి వెళ్లారు, ఎప్పుడు వెళ్లారు, ఎంత డేటా వాడారు అన్నది తెలుస్తుంది తప్ప లోపల ఏ పేజీ చదివారో, ఏ మెసేజ్ రాశారో తెలియదు. ఆ కాస్త సమాచారం తక్కువేమీ కాదు. అర్ధరాత్రి ఒక విద్యార్థి మానసిక ఆరోగ్య సహాయం ఇచ్చే సైట్‌కి నాలుగుసార్లు వెళ్లాడంటే లోపల ఏం చదివాడో తెలియకపోయినా అతని పరిస్థితి సగం తెలిసిపోయినట్టే. ఇంతకంటే పెద్దది ఇంకోటి ఉంది. వైఫై కావాలంటే ఫోన్‌లో సర్టిఫికెట్ (అవతల ఉన్నది నిజంగా ఎవరో ఫోన్ సరిచూసుకోవడానికి వాడే డిజిటల్ గుర్తింపు ఫైల్) వేసుకోమని కొన్నిచోట్ల అడుగుతారు. అందులో ఒక రకం, మీరు కలుస్తున్నది నిజంగా కాలేజీ వైఫైకేనా అని సరిచూసేది, దాంతో ఇబ్బంది లేదు, నిజానికి మంచిదే. ఇంకో రకాన్ని ఫోన్ మొత్తం నమ్మే రూట్ సర్టిఫికెట్‌గా వేస్తే, కాలేజీ ఫైర్‌వాల్ (నెట్‌వర్క్‌లోకి వచ్చీపోయే సమాచారాన్ని వడగట్టే వ్యవస్థ) మధ్యలో నిలబడి బ్రౌజర్‌లో మీరు తెరిచే చాలా పేజీలను విప్పి చూడగలదు. రెండిటికీ ఫోన్‌లో కనిపించే మాటలు దగ్గర దగ్గరగా ఉంటాయి, మామూలు విద్యార్థికి తేడా తెలిసే అవకాశం లేదు. ఏది వేస్తున్నారో, ఎందుకు వేస్తున్నారో చెప్పాల్సింది కాలేజీనే.

మా సిబ్బంది అలాంటివాళ్లు కాదు, చూసే తీరిక ఎవరికీ లేదు అంటారు. నిజమే కావచ్చు, కానీ చూడగలిగే స్థానంలో ఉన్నవాళ్లు అవసరం వచ్చినప్పుడు చూస్తారు. పరీక్షలో కాపీ కొట్టిన వ్యవహారం బయటికి ఎలా పొక్కిందో తెలుసుకోవడానికి అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం అధికారులు 16 మంది రెసిడెంట్ డీన్ల (విద్యార్థుల వసతి గృహాల్లోనే ఉంటూ వాళ్ల బాగోగులు చూసే బోధన సిబ్బంది) ఈమెయిల్ ఖాతాల్లో, వాళ్లలో దాదాపు ఎవరికీ చెప్పకుండా, వెతికారని 2013లో బయటపడింది. అక్కడ పెద్ద దుమారం లేచింది. బోధన సిబ్బందికే ఇలా జరిగినప్పుడు ఫస్టియర్ విద్యార్థి తరఫున మాట్లాడేది ఎవరు?

సైట్లు బ్లాక్ చేయడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పదాలను బట్టి బ్లాక్ చేసే ఫిల్టర్‌కి రొమ్ము క్యాన్సర్ మీద వ్యాసానికీ, అశ్లీలానికీ తేడా తెలియదు. ఫిల్టర్ పెట్టుకోండి, కానీ పొరపాటున మూసిన సైట్ తెరిపించడానికి ఎవరిని అడగాలో, ఎన్ని గంటల్లో తెరుస్తారో రాయండి.

దీనికంటే ముఖ్యమైనది, తప్పు చేశాడని తేల్చడం ఎలా అన్నది. లాగ్‌లో, అంటే నెట్‌వర్క్ దాచుకునే వాడకం రికార్డులో, ఐపీ అడ్రస్ (నెట్‌లో పరికరానికి ఉండే చిరునామా సంఖ్య) ఉంది కాబట్టి నువ్వే చేశావు అనడం చాలా సులువు. కానీ బయటి నుంచి చూస్తే వందలమంది విద్యార్థులు ఒకే ఐపీ వెనక ఉంటారు. ఫోన్లు కూడా ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 వచ్చిన దగ్గర్నుంచి ఒక్కో వైఫైకి ఒక్కో మ్యాక్ అడ్రస్ (వైఫైకి పరికరాన్ని గుర్తుపట్టించే సంఖ్య) చూపిస్తున్నాయి. లాగిన్ పేరు ఉన్నా, పాస్‌వర్డ్ రూమ్‌మేట్‌కి తెలిసి ఉండొచ్చు, నాలాగా లాగౌట్ మర్చిపోయి ఉండొచ్చు. కాబట్టి లాగ్ చూపించాలి, విద్యార్థి జవాబు వినాలి, నెట్‌వర్క్ నడిపే విభాగం కాకుండా వేరేవాళ్లు నిర్ణయించాలి, అప్పీలుకి దారి ఉండాలి. విచారణ తేలకముందే నెట్ కట్ చేయడం ఇప్పుడు చిన్న విషయం కాదు. అసైన్‌మెంట్లు, హాజరు, పరీక్ష దరఖాస్తు అన్నీ దాని మీదే నడుస్తుంటే, నెట్ కట్ చేయడం అంటే సస్పెండ్ చేసినంత పని.

కోర్టు కూడా ఈ మాట వైపే మొగ్గింది. హాస్టల్‌లో సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా ఫోన్ వాడకూడదన్న నిబంధనను ఒప్పుకోనందుకు ఒక విద్యార్థినిని హాస్టల్ నుంచి పంపేస్తే, 2019 సెప్టెంబర్‌లో కేరళ హైకోర్టు ఆమెను తిరిగి చేర్చుకోమంది. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో, గోప్యత హక్కులో భాగమని చెప్పింది. క్రమశిక్షణ పెట్టే అధికారం కాలేజీకి లేదని కోర్టు అనలేదు, ఆ అధికారానికి హద్దు ఉందని గుర్తుచేసింది. ఆ హద్దు ఎక్కడుందో ప్రతి విద్యార్థినీ కోర్టుకెళ్లి తేల్చుకోమనడం అన్యాయం.

ఇదంతా రాయడానికి పెద్ద పత్రం అక్కర్లేదు. ఏ వివరాలు లాగ్ అవుతాయి, ఎన్ని రోజులు ఉంచి తుడిచేస్తారు, ఒక విద్యార్థి పేరు మీద వెతకాలంటే ఎవరు రాతపూర్వకంగా అనుమతించాలి, వెతికాక అతనికి ఎప్పుడు చెబుతారు, తల్లిదండ్రులకు గానీ పోలీసులకు గానీ ఏ పరిస్థితిలో ఇస్తారు. నాలుగైదు వాక్యాలు. వాటిని ఎక్కడో వెబ్‌సైట్ అడుగున పీడీఎఫ్‌లో కాకుండా, విద్యార్థి టిక్ పెట్టే ఆ గడికి పైనే, అతనికి తెలిసిన భాషలో పెట్టాలి. కింద ప్రిన్సిపాల్ సంతకం ఉండాలి, ఏడాది మధ్యలో ఏ మాట మార్చినా మళ్లీ చూపించి మళ్లీ అడగాలి.