కొబ్బరి కొట్టేసి వైన్ ద్రాక్ష పెట్టమంటున్న ఆ ఫార్వర్డ్ గురించి

మన కోనసీమ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. నాసిక్ వాళ్ళు గోదారి నీళ్ళతో వైన్ చేసి కోట్లు గడిస్తున్నారు, అదే గోదారి మన గుమ్మం ముందుంది, తెల్లదోమ పట్టిన కొబ్బరి కొట్టేసి ద్రాక్ష పెడితే ఏడాదిలో లాభం, ఇంటిల్లిపాదీ కలిసి పెరట్లోనే వైనరీ పెట్టుకోవచ్చు అని. మా వీధిలో ఒకాయన చెట్లు కొట్టించడానికి బేరం కూడా ఆడేశారు, అందుకే రాస్తున్నా.

నది ఒకటే, కాదనను. కానీ నాసిక్ సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తున ఉంది, మనం సముద్రం పక్కన పల్లంలో ఉన్నాం. అక్కడ తీగకి డ్రిప్పుతో లెక్కగా నీళ్ళిస్తారు. మన చేలల్లో వర్షాకాలం నాలుగు పారలు తవ్వితే ఊట వచ్చేస్తుంది, ద్రాక్ష వేరు అలా నీళ్ళల్లో నానితే బతకదు.

"వాళ్ళదీ వేడి ప్రాంతమేగా" అంటున్నారు. పగలు వేడే అండి, శీతాకాలం రాత్రుళ్ళు మాత్రం 10 డిగ్రీలకి, ఒక్కోసారి ఇంకా కిందకి పడిపోతుంది, ఆ చలికే కాయలో పులుపు నిలబడుతుంది, పులుపు లేని వైన్ చప్పగా ఉంటుంది, త్వరగా పాడవుతుంది కూడా. అమలాపురంలో సంక్రాంతికి కూడా అంత చలి ఎక్కడ? అసలు చిక్కు ఇంకోటుంది. నాసిక్‌లో ఏడాదికి రెండుసార్లు కొమ్మ కత్తిరిస్తారు, ఏప్రిల్లో ఒకసారి, వానలు తగ్గాక సెప్టెంబరు అక్టోబర్లలో ఇంకోసారి, ఈ రెండో కత్తిరింపు మీదే చిగురు, పూత వచ్చి జనవరి నుంచి మార్చి దాకా కోత నడుస్తుంది. మనకి ఆ చిగురూ పూతా వచ్చే టైమంటే తుఫాన్ల టైమే. 1996 నవంబర్ 6 తుఫాను ఎవరైనా మర్చిపోయారా? తుఫాను రాకపోయినా ముసురు పట్టి ఆకు ఆరదు, తడాకు మీద బూజు తెగులు దిగిందంటే గుత్తులకి గుత్తులే పోతాయి.

థాయిలాండ్‌లో చావో ఫ్రాయా డెల్టాలో కాలవల మధ్య మెరక గట్ల మీద ద్రాక్ష పండించి వైన్ చేస్తున్నారు కదా అని ఒకరు అడిగారు. నిజమే. కానీ వాళ్ళు పెట్టింది ఆ ఉక్కకి తట్టుకునే మలగా బ్లాంక్, పోక్‌డమ్ లాంటి రకాలు, వెనకున్నది రెడ్‌బుల్ కుటుంబం డబ్బు.

"ఏడాదిలో లాభం" పచ్చి అబద్ధం. సరైన కోతకి మూడేళ్ళన్నా పడుతుంది, ఆ తర్వాత స్టీలు ట్యాంకులు, చల్లబరిచే మెషిన్లు, ఎక్సైజ్ లైసెన్సు. లైసెన్సు లేకుండా పెరట్లో చేసి అమ్మితే కేసు పెడతారు. నాసిక్ వాళ్ళకి 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా పాలసీ తెచ్చింది, అయినా గుర్నానీ కుటుంబం పెట్టిన యార్క్ వైనరీ 2021లో సులా అనే పెద్ద వైన్ కంపెనీ చేతికెళ్ళింది.

తెల్లదోమతో విసిగిపోయిన మనోళ్ళ బాధ నాకు తెలుసు. కానీ ఈరోజు చెట్టు కొట్టేస్తే కొత్త మొక్క కాపుకి రావడానికి ఐదారేళ్ళు, అన్నాళ్ళూ కాయ దింపు డబ్బులుండవు. చెట్లు ఉంచుకునే కింద కోకో, అరటి, మిరియం వేసుకోవచ్చు. ఆ మెసేజ్ చివర మొక్కలకి అడ్వాన్స్ పంపమని ఫోన్ నెంబరుంది చూడండి, దానికి రూపాయి కూడా కట్టకండి.