పడని డిక్కీ

(పర్లాకిమిడిలో సాయంత్రం. వాకిట్లో కారు, దాని డిక్కీ పైకెత్తి ఉంది. కోడలి చేతిలో స్పానర్, మావయ్య చేతిలో కొబ్బరితాడు. ఎవరి నమ్మకం వారిది.)

మావయ్య: తాడుతో కట్టేద్దాం అమ్మా. రేపు బరంపురం వెళ్ళి రావడానికే కదా.

కోడలు: డిక్కీ సందు వదిలి నడిపితే సైలెన్సర్ పొగ లోపలికి వచ్చేస్తుంది మావయ్యా. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన కూడా ఉండదు.

మావయ్య: వాసనే రానప్పుడు ఇంక ఇబ్బందేముంది?

కోడలు: వచ్చేటప్పుడు వెనక సీట్లో కూర్చునేది అత్తయ్య. ఆ మాట ఆవిడతో అనండి.

మావయ్య: (తాడు కింద పెట్టేసి) సరే, జరుగు. గట్టిగా వేస్తే అదే పడుతుంది.

కోడలు: గట్టిగా వేసే ఈ గతి పట్టించారు. బియ్యం బస్తా బయటికి పొడుచుకొచ్చి ఉంటే దాని మీదే వేశారు.

మావయ్య: బస్తాకేం కాలేదుగా!

(కోడలు డిక్కీ తలుపు అంచున ఉన్న లాక్ నోట్లో స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కింది. టక్‌మంది.)

కోడలు: లాక్ బాగానే ఉంది.

మావయ్య: పడిందిగా! ఇంక మూసెయ్.

కోడలు: అయ్యో, ఆగండి! లాక్ ఇలా మూసుకుని ఉండగా తలుపు వేస్తే కింది కొక్కేనికి గుద్దుకుంటుంది. ముందు హ్యాండిల్ లాగి విడిపించాలి. ఇదిగో, తప్పంతా ఈ కొక్కెంలో ఉంది. ఒక పక్కే పెయింట్ ఎలా గీరుకుపోయిందో చూడండి. లాక్ నేరుగా దీని మీదికి రావడం లేదు. పెన్ను ఇవ్వండి.

మావయ్య: పెన్నెందుకు?

కోడలు: బోల్టులు వదులు చేసేముందు కొక్కెం చుట్టూ గీత గీసుకోవాలి. ఎటు ఎంత జరిపామో తెలియొద్దూ?

మావయ్య: గీతలు గీసేవాళ్ళంటే నాకు హడల్. 1936 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చిన సరిహద్దు గీతతో మనం ఒడిశాలో పడ్డాం, పాతపట్నం ఆంధ్ర వైపే ఉండిపోయింది. పక్కనున్న ఊరికి పెళ్ళికెళ్ళాలన్నా రాష్ట్రం దాటాలి!

కోడలు: నేను జరిపేది రెండు మిల్లీమీటర్లండీ.

మావయ్య: వాళ్ళూ అలాగే అని ఉంటారు.

(కోడలు బోల్టులు కాస్త వదులు చేసి, తలుపు మెల్లగా దించింది. కొక్కెం తనంతట తనే లాక్ నోటికి సర్దుకుంది. తలుపు ఎత్తి బోల్టులు బిగించింది. మావయ్య చేసిన సాయం టార్చ్ పట్టుకోవడం. అదీ ఎక్కువసేపు ఆమె కళ్ళలోకే.)

కోడలు: ఎడమ పక్క సరిపోయింది. కుడి పక్క ఇంకా లేచే ఉంది. ఈ రబ్బరు బుడిపె ఇంత పైకి వచ్చిందేమిటి? ఎడమది ఇందులో సగం కూడా లేదు.

మావయ్య: (ఆకాశం వైపు చూస్తూ) మబ్బు పట్టింది.

కోడలు: మావయ్యా!

మావయ్య: గతుకుల్లో గడగడమంటోందని కాస్త తిప్పాను. చప్పుడు ఆగిందా లేదా?

కోడలు: తలుపు పడటమూ ఆగింది. బయటికి తిప్పితే ఇది తలుపును తన్ని పట్టుకుంటుంది, లోపలికి తిప్పితే దిగనిస్తుంది. మరీ లోపలికి పోతే మళ్ళీ గడగడే. ఎన్ని చుట్లు తిప్పారు?

మావయ్య: చప్పుడు ఆగేదాకా.

(కోడలు కొంచెం తిప్పడం, వేసి చూడటం, మళ్ళీ తిప్పడం. చివరికి అరచేత్తో ఒత్తితే చాలు, టక్‌మని పడింది.)

మావయ్య: ఇంతేనా? చప్పుడే లేదు. వేసినట్టు పక్కింటికి తెలియొద్దూ?

కోడలు: పక్కింటికి వద్దు గానీ, చుట్టూ రబ్బరు ఆనుతోందో లేదో చూద్దాం. కాగితం పెట్టి మూసి లాగితే తెలుస్తుంది. సులువుగా వచ్చేస్తే సందు ఉన్నట్టే. ఏదైనా కాగితం ఉందా?

(మావయ్య చొక్కా జేబులోంచి చేతికందిన మడత తీసి ఇచ్చారు. జేబులో ఏముందో చూసుకునే అలవాటు ఆ తరం మగవాళ్ళకి లేదు.)

కోడలు: రావడం లేదు. గట్టిగా పట్టేసింది!

మావయ్య: శభాష్! ఎవరి కోడలనుకున్నావ్!

కోడలు: (వంగి చూసి) ఇది కరెంటు బిల్లు కదూ? నిన్ననే కట్టేశానని అత్తయ్యకి ఫోన్లో చెప్పారు?

మావయ్య: లాగకమ్మా! పట్టు బాగుంది, అలాగే ఉండనీ.