మీటర్‌గేజి గారికి రెండో మహజరు

మహారాజశ్రీ మీటర్‌గేజి గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడానికి చెయ్యి రావడం లేదు. ఇక్కడ మేం కుశలమే. పట్టాల కింద అడ్డంగా వేసే తమరి ఆఖరి ఇనప స్లీపరు ఒకటి మా ఊరి స్టేషన్ వెనక తుప్పల్లో మొన్నటిదాకా కనిపించేది. ఇప్పుడది కూడా పాత ఇనప సామాన్లవాడి కాటా ఎక్కేసింది.

నేనెవరో తమరికి గుర్తుండదు. 1980ల చివర్లో ఇరుకు పట్టాల మా మీటర్‌గేజి లైనును వెడల్పు పట్టాల బ్రాడ్‌గేజి చేసి తీరాలని మా ఊరివాళ్లం ఒక మహజరు, అంటే అందరం సంతకాలు పెట్టిన అర్జీ, రాశాం. అందులో రెండో పేజీలో, పచ్చ సిరాతో ఉన్న సంతకం నాదే. ‘ఈ కాలం చెల్లిన నత్తనడక బండి’ అన్న ముక్క కూడా నాకే తోచి, నేనే రాయించాను. ఇప్పుడు అదే చేత్తో తమరిని బతికించమని రాస్తున్నాను. చదివి చించెయ్యకండి.

తమరి పుట్టుకే ఒక పీనాసి లెక్క. 1853 ఏప్రిల్ 16న బొంబాయి బోరీబందర్ నుంచి ఠాణేకు సాహిబ్, సింధ్, సుల్తాన్ అనే మూడు ఇంజన్లు పద్నాలుగు పెట్టెల్ని లాక్కెళ్లాయి. అది మీ అన్నగారు బ్రాడ్‌గేజి హయాం. పట్టాల మధ్య 1676 మిల్లీమీటర్లు, చుట్టూ బ్యాండు మేళం, ఫిరంగుల మోత. రైలు కంపెనీలకు లాభం వచ్చినా రాకపోయినా 5 శాతం ఇస్తామని దొరలు పూచీ పడ్డారు. పూచీ దొరలది, సొమ్ము మన పన్నులది. ఎంత ఖర్చయితే అంత గిట్టుబాటు అని తెలిశాక ఏ కాంట్రాక్టరు పొదుపు చేస్తాడండీ? పదిహేనేళ్లు తిరిగేసరికి ఖజానా బోసిపోయింది. అప్పుడు పొదుపు గుర్తొచ్చింది. ఆ పొదుపు పేరే తమరు.

1870లో వైస్రాయి మేయో దొర సన్నపట్టాలే మేలని తేల్చాడు. వరసకు నలుగురు కూర్చోవాలంటే పెట్టె ఎంత వెడల్పుండాలో చూసి, అందులో సగం, అంటే 3 అడుగుల 3 అంగుళాలు చాలన్నాడని చెబుతారు. ఇంతలో దేశానికి మెట్రిక్ కొలతలు వచ్చేస్తున్నాయని కబురొచ్చింది. అర అంగుళం కూడా లేని తేడాకు పేచీ ఎందుకని ఏకంగా మీటరు చేసేశారు. తీరా చూస్తే ఆ మెట్రిక్కు మనకు దక్కింది 1950లలో. అన్నాళ్లూ వీశెలు, మణుగులు, గజాలు, ఫర్లాంగుల జనం మధ్య తమరొక్కరే మీటరు చొక్కా తొడుక్కుని తిరిగారు. ముహూర్తానికి ముందే ముస్తాబైన పెళ్లికొడుకులాగా.

మేయో దొర తమరి బండిని కళ్లజూడలేదు. 1872లో అండమాన్‌లో హత్యకు గురయ్యాడు. ఢిల్లీ–రేవాడి మధ్య తమరు కదిలింది 1873లో. మొదటి కనెక్షన్ అక్కడే తప్పింది.

ఆ తర్వాత తప్పిన కనెక్షన్లకు లెక్క లేదు. తమరి వల్ల ఎంత మిగిలిందో తెలియాలంటే గుంతకల్లు లాంటి జంక్షన్ చూసి ఉండాలి. అన్నగారి వ్యాగన్లోంచి బస్తా దించు, తమరి వ్యాగన్లోకి ఎక్కించు. బియ్యమైనా, బొగ్గైనా, వేరుశనగైనా అంతే. పట్టాలు వెయ్యడంలో మిగిలిన కాణీలు దించి ఎక్కించడంలో అణాలై పోయాయి. దారిలో చిరిగిన బస్తాల కింద చాటలు పట్టుకుని కూర్చున్న ముసలమ్మలకు మాత్రం తమరు అన్నదాతలు. వాళ్లు ఏ మహజరు మీదా సంతకం పెట్టలేదు.

మా బామ్మతో నేను చేసిన ప్రయాణాలన్నీ అర్ధరాత్రి ఏదో ఒక జంక్షన్లో ముగిసి, తెల్లారగట్ల మళ్లీ మొదలయ్యేవి. హోల్డాల్ నాన్న నెత్తిన, మరచెంబు బామ్మ చంకలో. తమరు ఊపే ఊపుకి ఆ మరచెంబులో నీళ్లు గుడగుడమంటూ ఊరొచ్చేదాకా కబుర్లు చెప్పేవి. కిటికీలోంచి తొంగి చూస్తే బొగ్గు నుసి కంట్లో పడేది. అమ్మ చీరకొంగు కొసను మూట చేసి, నోటి ఆవిరి పట్టి, కంటికి అద్దేది. అప్పుడు మిమ్మల్ని తిట్టినవాళ్లలో అందరికన్నా పెద్ద గొంతు నాదే. ఇప్పుడు ఆ నుసినే తలుచుకుని కళ్లు తుడుచుకుంటున్నాను. కంట్లో ఏమీ పడకుండానే.

ఇక మా ముఠా గురించి. రైలు పిచ్చోళ్లం అంటారు మమ్మల్ని. ప్లాట్‌ఫారం మీద జనం తమ బోగీ ఎక్కడ ఆగుతుందా అని చూస్తుంటే, మేం ఇంజను ఏ షెడ్డుదా అని చూస్తాం. లాలాగూడ షెడ్డు కరెంటు ఇంజను డబ్ల్యూఏపీ-7 వస్తే ఒక ముఖం, గుత్తి డీజిలు వస్తే ఇంకో ముఖం. మాకు అక్షరాలు రెండే రకాలు. డబ్ల్యూ అంటే అన్నగారు, వై అంటే తమరు. వైపీ పాసింజరుకి, వైజీ గూడ్సుకి, వైడీఎం-4 డీజిలు. మనవళ్ల పుట్టినరోజులు మర్చిపోతాం గానీ ఇవి మర్చిపోం.

మావాడొకడు భార్యను పుట్టింటికి పంపడానికి స్టేషనుకొచ్చాడు. ఆవిణ్ణి ఎస్-6లో కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని ప్లాట్‌ఫారం చివరికి పరిగెత్తి, బండి కదిలేటప్పటి హారన్ రికార్డు చేశాడు. ఇంజను వెళ్లింది, పెట్టెలు ఒక్కొక్కటే దాటాయి, ఎస్-6 వచ్చేసరికి రికార్డులో సన్నగా ‘ఏవండీ, తాళాలు!’ అని వినిపిస్తుంది. ఆ అరుపు వల్ల మంచి రికార్డింగు పాడైపోయిందని ఈనాటికీ వాడి బాధ. ఆ రాత్రి ఇంట్లోకి ఎలా వెళ్లాడో మాత్రం చెప్పడు.

1992 ఏప్రిల్ 1న, సన్నపట్టాల్ని బ్రాడ్‌గేజి చేసే యూనిగేజ్ ప్రాజెక్టు మొదలైంది. అప్పటికి తమరు దాదాపు 23 వేల కిలోమీటర్లున్నారు. తేదీ చూసి తమాషా అనుకున్నారేమో. మా లైనులో ఆఖరి బండి రోజున మీకు జరిగిన సన్మానం చూడాల్సింది. ఇంజనుకు బంతిపూల దండలు, రెండు వైపులా అరటి పిలకలు, ముందు గుమ్మడికాయ. నేను కౌంటర్లో అట్టముక్క టికెట్టు కొని, ‘దయచేసి పంచ్ చెయ్యకండి, దాచుకుంటాను’ అన్నాను. గుమస్తా నన్ను ఎగాదిగా చూసి, ‘ఇన్నాళ్లూ ఎక్కడున్నారు సార్?’ అన్నాడు. ఎక్కడుంటాను, బస్సులో! పదేళ్లుగా ఆ స్టేషన్ ఎదురుగా బస్సు ఎక్కుతూ, తమరి బండి మీద జోకులు చెప్పుకునేవాళ్లం. ఆ రోజు పెట్టెలో ఊపిరాడలేదు. రోజూ బండి అంత నిండి ఉంటే దాన్ని తీసేసేవాళ్లే కాదు.

తమరి ఇల్లు అన్నగారు ఆక్రమించుకున్న వైనం వేరే చెప్పాలా? 1916లో కట్టిన కాచిగూడ స్టేషను గుమ్మటాలు అలాగే ఉన్నాయి. అక్కడి నుంచి తమరి పట్టాల మీద జైపూర్ దాకా పోయిన మీనాక్షి ఎక్స్‌ప్రెస్ లేదు. మన్మాడ్ వెళ్లే అజంతా ఉందిగానీ, ఆ పేరు తగిలించుకుని పరిగెత్తేది అన్నగారే.

1855 నాటి ఆవిరి ఇంజను ఫెయిరీ క్వీన్‌ను 1997లో మళ్లీ పట్టాలెక్కించారని సంబరపడదామంటే, ఆవిడా అన్నగారి వంశమే. నీలగిరి కొండ మీద మాత్రం తమరు రంపం పళ్లలాంటి పట్టా పట్టుకుని ఊటీ ఎక్కుతున్నారు. 2005లో యునెస్కో వాళ్లు వారసత్వ సంపద అన్నారు కూడా. తమరు అక్కడ కూడా నత్తనడకే. కానీ మైదానంలో అది పాసింజరు ఆలస్యం, కొండ మీద హెరిటేజ్. టికెట్టు దొరకడానికి నెలల ముందు తపస్సు చెయ్యాలి.

కాబట్టి ఈ మహజరు. ఎక్కడో ఒకచోట, పది కిలోమీటర్లు చాలు, మైదానంలో తమరిని మళ్లీ నడపాలని కోరుతున్నాం. ఒక వైపీ ఇంజను, నాలుగు చెక్క బల్లల పెట్టెలు. ఆదివారాలు మాత్రమే. మా లైనులో మాత్రం వద్దు. మా అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చేది ఆ లైను మీద అన్నగారి ఎక్స్‌ప్రెస్‌లోనే, ఇంటి దగ్గర దిగిపోతుంది. బండి మారక్కర్లేదు.

ఈసారి సంతకం నల్ల సిరాతో పెడుతున్నాను.

ఇట్లు,
తమరి మాజీ శత్రువు, ప్రస్తుత అభిమాని

తా.క.: ఆ పాత సామాన్లవాడి దగ్గర తమరి స్లీపరు తాలూకు ఇనప చీల ఒకటి కొనుక్కొచ్చి, తుప్పు గీకి, నూనె రాసి టేబుల్ మీద పెట్టుకున్నాను. నిన్న గాలికి వీధి తలుపు కొట్టుకుంటుంటే మా ఆవిడ దాన్ని తీసుకెళ్లి తలుపు సందులో దోపింది. సరిగ్గా సరిపోయింది. తియ్యమని నేనూ అనలేదు.